తాతయ్య పుస్తకాలు ఐదు పెట్టెలు: అమ్మకానికి ఏమని రాయాలి?

కందుకూరు_కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది కందుకూరు. తాతయ్య పోయి మూడేళ్లయింది. అటక మీద ఐదు రేకు పెట్టెల నిండా ఆయన పుస్తకాలున్నాయి. ఇల్లు పడగొట్టి కట్టుకోవాలి, సంక్రాంతి లోపల అటక ఖాళీ చేయాలి. పాత పేపర్లాయన కిలో లెక్కన అడిగాడు. నాన్న సరే అనేశారు. నాకే మనసొప్పలేదు.

ఒక గ్రూపులో నాలుగు ఫొటోలు పెట్టి "పాత పుస్తకాలు, రేర్, మంచి కండిషన్" అని రాశాను. ఒకాయన తప్ప ఎవరూ పలకలేదు. ఆయన అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. ఎన్నో ముద్రణ? ఫారాలు సరిచూశారా? ఫారాలంటే అప్లికేషన్ ఫారాలనుకున్నాను, నవ్వకండి.

ఉన్నవి ఇవీ: చందమామ బైండ్లు ఏడు, రష్యా పుస్తకాలు ఓ ఇరవై, ఎమెస్కో పాకెట్ పుస్తకాలు ఒక పెట్టె నిండా, వావిళ్ల వారివి పదకొండు. మిగతావి ఇంకా చూడలేదు. వావిళ్ల వాటిలో 'రాధికాసాంత్వనము' ఒకటుంది. ముఖపత్రం, అదే పేరూ సంవత్సరమూ ఉండే మొదటి పేజీ, లేదు. లోపల తాతయ్య పేరుతో రబ్బరు ముద్ర, కింద 'కందుకూరు, నెల్లూరు జిల్లా' అని ఉంది. చివరి పేజీలో పెన్సిల్‌తో 'రూ. 1-12-0' అని రాసుకున్నారు. బ్రిటిష్ వాళ్లు నిషేధించిన పుస్తకమని నెట్‌లో చదివాను. నా దగ్గరున్నది ఆ నిషేధించిందేనా? అయితే ఎంత పలుకుతుంది?

లాయరుపేట_రాజా
అన్నా, నిషేధించిన పుస్తకం అంటే మాటలు కాదు. యాభై వేలకు పైసా తగ్గొద్దు. పోస్టులో పెద్దక్షరాలతో 'నిషేధిత గ్రంథం' అని పెట్టు, వాళ్లే పరిగెత్తుకుంటూ వస్తారు.

మూలాపేట_మాస్టారు
రాజా, కాసేపు ఆగు నాయనా.

కందుకూరు అబ్బాయీ, ముందు ఆ కిలో ఆయన్ని రెండు వారాలు ఆగమను. తర్వాత సంగతి ఇది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె కావ్యాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ సరిచూసి పరిష్కరిస్తే 1910లో వావిళ్ల వారు అచ్చు వేశారు. 1911లో అశ్లీలమని నిషేధించి ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం ఎత్తేసింది ఎవరనుకున్నావు? మీ పక్కవాడే, టంగుటూరి ప్రకాశం పంతులు. 1946-47లో ఆయన మద్రాసు రాష్ట్రానికి ప్రధాని, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. 1947లో నిషేధం పోయింది. ఆ తర్వాత 1952లో వావిళ్ల వారు మళ్లీ వేశారు.

అంటే నీ చేతిలో ఉన్నది 1910 నాటిదైతే ఒక కథ, 1952 నాటిదైతే ఇంకో కథ. ముఖపత్రం లేకుండా 'నిషేధిత గ్రంథం' అని రాస్తే అది వ్యాపారం కాదు, మోసం. 1952లో అచ్చయిన ప్రతిని ఎవరూ నిషేధించలేదు.

లాయరుపేట_రాజా
మోసం అనేంత మాట ఎందుకు మాస్టారూ. పుస్తకం అదే కదా, పద్యాలు అవే కదా.

మూలాపేట_మాస్టారు
పద్యాలు చదువుకోడానికైతే ఏ ప్రతైనా ఒకటే. దాచుకునేవాడు డబ్బు ఇచ్చేది ఆ కాగితానికి, ఆ సంవత్సరానికి.

పెన్నాగట్టు
ఆ ముద్ర చూస్తే నాకు భలే సరదాగా ఉంది. ఈ జిల్లాల సంగతి తెలియక చాలామంది తప్పు రాస్తుంటారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. అప్పటిదాకా మీ కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1972లో ఆ కొత్త జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులోకి వచ్చింది. కాబట్టి 'కందుకూరు, నెల్లూరు జిల్లా' అని ముద్ర ఉంటే అది 1970కి ముందుదైనా కావాలి, 2022 తర్వాతదైనా కావాలి. మీ తాతయ్య పోయేముందు కూర్చుని కొత్త ముద్ర చేయించుకుని ఉండరు కాబట్టి మొదటిదే. 'కందుకూరు, ఒంగోలు జిల్లా' అని ముద్ర దొరికితే ఇంకా మజా, అది మూడేళ్ల లోపు కాలం.

ఇక అణాల లెక్క. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 1-12-0 అంటే రూపాయి పన్నెండణాలు. అంటే తాతయ్య ఈ పుస్తకాన్ని 1957 లోపలే కొన్నారు.

అట్టలేని_పుస్తకం
అలవాటు కొద్దీ ఆ తర్వాత కొన్నేళ్లు కూడా అణాల్లో రాసుకున్నవాళ్లున్నారు. మా నాన్న ఒకరు. 'సుమారు 1957' అనండి.

ఇంకో సంగతి. ముద్రలైనా, పెన్సిల్ రాతలైనా, పుస్తకం ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో చెబుతాయి గానీ ఎప్పుడు అచ్చయిందో చెప్పవు. 1910 పుస్తకాన్ని 1955లో పాత పుస్తకంగా కొని ఉండొచ్చుగా. ఇక్కడ ఆ రెండూ మనకు ఏమీ తేల్చలేదు.

పెన్నాగట్టు
ఒప్పుకుంటా.

కందుకూరు_కుర్రాడు
మీరు చెప్పేది వింటుంటే టెన్షన్‌గా ఉంది. అసలు తేలే దారి ఉందా? జిరాక్స్ తీసి బైండు చేసిన కాపీ కూడా అయి ఉండొచ్చా?

మూలాపేట_మాస్టారు
జిరాక్సా కాదా అన్నది నీ వేలే చెబుతుంది. కాగితాన్ని వెనక వైపు తిప్పి, అక్షరాల మీద వేలు మెల్లగా జరుపు. సీసపు అక్షరాలతో అచ్చు వేసిన పేజీ వెనక చిన్న చిన్న బొడిపెలు తగులుతాయి. ఆఫ్‌సెట్‌గానీ జిరాక్స్‌గానీ అయితే నున్నగా ఉంటుంది. రాత్రిపూట టేబుల్ లైటు పక్క నుంచి వేసి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. కాకపోతే 1910, 1952 రెండూ సీసపు అచ్చే, దాంతో ఆ గొడవ తీరదు.

ఇది నాకు డబ్బు పోయి వచ్చిన తెలివి. ఓసారి బ్రౌన్ నిఘంటువు కనిపించింది. ముఖపత్రం మీద 1852 అని చూసి చేతులు వణికాయి. ఇంటికొచ్చి చూస్తే ఢిల్లీలో ఎవరో పాత పేజీలు ఫొటో తీసి మళ్లీ వేసింది. అట్ట లోపల చిన్నక్షరాల్లో పునర్ముద్రణ అని ఉంది, అది చూడకుండానే డబ్బు ఇచ్చేశాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

బైండు_బాషా
అన్నా, అందరూ పెద్ద పెద్ద లెక్కలు చెప్తున్నారు. నాది నెల్లూరు చిన్నబజారు, మా నాయన కాలం నుంచి బైండింగే పని. ఒకమాట అడుగుతా. ఈ పుస్తకానికి ఉన్న అట్ట అచ్చయినప్పటిదేనా, లేక తర్వాత ఎవరైనా బైండు చేయించిందా? కలికో గుడ్డ వెన్ను, మార్బుల్ కాగితం అట్టలు ఉంటే మా బోటివాళ్లు చేసిందే.

కందుకూరు_కుర్రాడు
అదే అదే. వెన్నుకు ఎర్ర గుడ్డ, అట్టల మీద రంగురంగుల మరకల కాగితం. పుస్తకం పేరు వెన్ను మీద చేత్తో రాశారు.

బైండు_బాషా
అయితే ముఖపత్రం పోలేదేమో చూడు. మొదటి కాగితం చిరిగి ఉంటే మేము దాన్ని పారెయ్యం. ముందు వేసే ఖాళీ కాగితానికి మైదా పెట్టి అతికించేస్తాం, బలం వస్తుందని. కొందరు తొందర్లో అచ్చు వైపు లోపలికి పెట్టి అంటిస్తారు. అట్ట తీయగానే వచ్చే కాగితం మిగతా వాటి కన్నా దళసరిగా ఉందా? ఫోన్ టార్చి వెనక నుంచి పెట్టి చూడు. తడిపి ఊడదీయాలని మాత్రం చూడొద్దు, పాత కాగితం చేతిలోకి పిండిలా వస్తుంది.

మా మైదాలో మైలుతుత్తం వేస్తాం, పురుగు పట్టకుండా. అందుకే ఆ జాగాలో కాగితం కాస్త పచ్చగా ఉంటుంది. అది చెమ్మ మచ్చ అనుకోవద్దు.

కందుకూరు_కుర్రాడు
బాషా అన్నా, మీకు దండం.

దళసరిగానే ఉంది. రాత్రి కరెంటు పోయినప్పుడు పెట్టి చూశాను, చీకట్లోనే బాగా కనపడింది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఫొటో తీసి ఫోన్‌లో తిప్పితే సరిగ్గా వచ్చాయి. పైన పేరు, మధ్యలో కొంచెం చిరుగు, అడుగున వావిళ్ల వారి పేరు, మద్రాసు, 1952.

యాభై వేలు పోయాయి రాజా అన్నా.

లాయరుపేట_రాజా
పోయినవి నీవి కాదులే, నేను ఇచ్చినవే కదా. 😀

మూలాపేట_మాస్టారు
పోనీ. ఇప్పుడు నీ దగ్గర నిజం ఉంది. 1952 ప్రతి కూడా దారిలో దొరికేది కాదు. మిగతా పదీ కూడా అలాగే చూడు. కొన్నింట్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండదు, 'నందన' అనో 'విక్రమ' అనో మన సంవత్సరం పేరే ఉంటుంది. అవి అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. నందన 1892లో వచ్చింది, 1952లో వచ్చింది, 2012లో వచ్చింది. ఏ నందనో కాగితమూ అచ్చూ చూసి తేల్చుకోవాలి. ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా పడినవి తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వస్తాయి.

చిరునామాలు కూడా చూడు. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. వట్టి 'మద్రాసు-1' అని ఉంటే చాలావరకు అంతకు ముందుది.

అట్టలేని_పుస్తకం
ఇక రాయడం సంగతి. నాకు పడిన దెబ్బ చెబుతా, అందులోనే అంతా ఉంది.

పోయినేడు ఆన్‌లైన్‌లో ఒక పాత నవల కొన్నా. వివరంలో రెండు ముక్కలే ఉన్నాయి: 'గుడ్ కండిషన్'. అట్ట నిజంగానే బాగుంది. చదువుతూ 96వ పేజీ తిప్పితే 113 వచ్చింది. పదహారు పేజీలు, సరిగ్గా ఒక ఫారం లేదు. కథలో ఆ పిల్ల పెళ్లికి ఒప్పుకుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మినాయన్ని అడిగితే "పాత పుస్తకం కదండీ, అట్టా ఇట్టా ఉంటుంది" అన్నాడు. ఆయన మోసగాడు కాదని నా నమ్మకం, లెక్కపెట్టలేదంతే.

కందుకూరు తమ్ముడూ, ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చు వేసి మడిచిన పేజీల కట్ట. ఎక్కువగా పదహారు పేజీలు, ఒక్కోసారి ఎనిమిది. పాత పుస్తకాల్లో ప్రతి కట్ట మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేసేవాళ్లు, బైండు చేసేటప్పుడు వరస తప్పకుండా. ఆ అంకెలు 1, 2, 3 అని వరసగా ఉన్నాయో లేదో చూసుకుంటూ పోతే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టి 'పేజీలు సరిచూశాను, పూర్తిగా ఉన్నాయి' అని రాస్తే నేను వంద రూపాయలు ఎక్కువిచ్చి కొంటా.

'మంచి కండిషన్' అనే మాట మాత్రం రాయొద్దు. మంచి ఎవరికి? వెన్ను ఊడిందా, కుట్టు వదిలిందా, పురుగు తొలిచిందా, తొలిస్తే అచ్చు దాకా వచ్చిందా లేక అంచులోనే ఆగిందా, అది రాయి. లోపం ముందే చెబితే కొనేవాడు తిరిగి మాట్లాడడు.

గిద్దలూరు_గీత
ఆ రష్యా పుస్తకాల గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? నాకు అవే కావాలి! తమ్ముడూ, పిల్లల బొమ్మల పుస్తకాలున్నాయా?

రాసేటప్పుడు 'ప్రగతి ప్రచురణాలయం, మాస్కో' అని ఉందో 'రాదుగ' అని ఉందో తప్పకుండా రాయి. ప్రగతి నుంచి రాదుగ 1982లో విడిపోయింది, కాబట్టి ఆ పేరుంటే అప్పటినుంచి సోవియట్ పోయేదాకా, మధ్యలో తొమ్మిదేళ్లే. అనువాదకుల పేరు కూడా రాయి. ఉప్పల లక్ష్మణరావు గారి పేరు, రాళ్లబండి వెంకటేశ్వరరావు గారి పేరు చూసి కొనేవాళ్లున్నారు, నేనూ అందులో ఒకదాన్ని. చిన్నప్పుడు విశాలాంధ్ర వారి పుస్తకాల బండి వస్తే అమ్మ చీర కొంగు పట్టుకుని ఏడ్చి కొనిపించుకున్నా. అప్పట్లో అంత దళసరి అట్ట, అంత తెల్ల కాగితం, ఆ ధరకి! ఇప్పుడు అవే మళ్లీ కొనుక్కుంటున్నా, పది రెట్లు పెట్టి.

కందుకూరు_కుర్రాడు
బొమ్మలవి నాలుగున్నాయి అక్కా. ఒకదాంట్లో ఎలుగుబంటికి ఎవరో స్కెచ్‌తో మీసాలు పెట్టారు. అది నేనే అయ్యుంటాను.

గిద్దలూరు_గీత
మీసాల ఎలుగు నాకే. వివరంలో మాత్రం రాయి, 'ఒక బొమ్మకు మీసాలు' అని.

బైండు_బాషా
చందమామ బైండ్ల మాట చెప్తా. తమ్ముడూ, లోపల రంగు అట్టలు ఉన్నాయా లేవా చూడు. అప్పట్లో మా దగ్గరికి ఆరు నెలలవి, ఏడాదివి కట్టగట్టి తెచ్చేవాళ్లు. బైండు సన్నగా రావాలని అట్టలన్నీ చింపేయమనేవాళ్లు. మేము చింపేసేవాళ్లం. ఆ అట్టల మీదే వడ్డాది పాపయ్య గారి బొమ్మలుండేవి. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. మా చిన్నబజారు కొట్లో ఆ కాగితాలు పొయ్యిలోకి పోయాయి.

కందుకూరు_కుర్రాడు
ఏడింటిలో రెండింటికి అట్టలున్నాయి. మిగతా ఐదింటికి లేవు. అన్నీ 1960ల నాటివి.

పెన్నాగట్టు
ఆ రెండూ విడిగా పెట్టు, రేటు వేరు. 1947 జూలైలో మొదలైన పత్రిక కదా, ఎంత ముందుదైతే అంత గిరాకీ. అట్టలు లేనివి చదువుకునేవాళ్లకి అమ్ము, 'అట్టలు లేవు' అని రాసి.

వేటపాలెం_చదువరి
అందరూ అమ్మకం గురించే మాట్లాడుతున్నారు, నాదొక అడ్డు ప్రశ్న. వీటిని లైబ్రరీకి ఇవ్వొచ్చుగా? మా ఊరి సారస్వత నికేతనం 1918లో పెట్టింది. గాంధీగారు 1929లో వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఎక్కడెక్కడి నుంచో పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ పాత పత్రికల కోసం వస్తారు. మీ తాతయ్య పేరుతో ఓ బీరువా ఉంటుంది.

లాయరుపేట_రాజా
ఇల్లు కట్టుకునేవాడిని దానం చేయమంటారేంటి సార్.

వేటపాలెం_చదువరి
అన్నీ ఇమ్మనలేదు నాయనా. ఎవరూ కొనని, ఎక్కడా దొరకనివి ఉంటాయి. పాత కరపత్రాలు, కాలేజీ పత్రికలు, ఊళ్లో వేసిన సావనీర్లు. వాటికి ధర రాదు, కానీ పోతే మళ్లీ రావు. ముందు లైబ్రరీ వాళ్లనడిగి, కావాలంటేనే ఇవ్వు. వాళ్ల దగ్గరున్నవే మళ్లీ మోసుకెళ్లి పడేస్తే వాళ్లకీ బరువే.

గిద్దలూరు_గీత
లైబ్రరీ మాట వచ్చింది కాబట్టి. తమ్ముడూ, మీ పెట్టెల్లో గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకాలున్నాయా?

కందుకూరు_కుర్రాడు
మూడున్నాయి అక్కా. శాఖా గ్రంథాలయం ముద్ర, నంబరు. ఒకదాంట్లో తేదీల చీటీ కూడా ఉంది, ఆఖరి తేదీ 1968. తాతయ్య తిరిగివ్వడం మర్చిపోయినట్టున్నారు. యాభై ఏడేళ్లు లేటు.

మూలాపేట_మాస్టారు
అవి అమ్మొద్దు. గ్రంథాలయం వాళ్లు తీసేసినట్టు ముద్ర గానీ సంతకం గానీ ఉంటే వేరు. లేకపోతే అది వాళ్ల పుస్తకమే. నేనైతే ఎంత తక్కువకి ఇచ్చినా కొనను. పట్టుకెళ్లి ఇచ్చేసెయ్. ఫైను అడిగితే నేను కడతా.

పెన్నాగట్టు
నేను మాత్రం ఒకదాని కోసం కాచుకుని కూర్చున్నా. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి వేసిన నెల్లూరు జిల్లా శాసనాలు, మూడు సంపుటాలు. మీ పెట్టెల్లో కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా ముందు నాకు ఫోన్ చెయ్. బాస్వెల్ రాసిన 1873 నాటి జిల్లా మాన్యువల్ అయినా సరే. రెండూ స్కాన్లు ఉన్నాయి, చదివేశాను కూడా. అయినా ఆ కాగితం చేత్తో పట్టుకోవాలని ఆశ.

కందుకూరు_కుర్రాడు
ఐదో పెట్టె ఇంకా తెరవలేదు అన్నా, తాళం తుప్పు పట్టింది.

ఇదిగో, రాధికాసాంత్వనానికి ఇలా రాశాను, చూడండి:

'రాధికాసాంత్వనము, ముద్దుపళని. వావిళ్ల వారు, మద్రాసు, 1952. తర్వాత చేయించిన ఎర్ర కలికో వెన్ను బైండు, అచ్చయినప్పటి అట్ట లేదు. ముఖపత్రం మధ్యలో చిరిగి, ముందు కాగితానికి అచ్చు లోపలికి పెట్టి అతికించి ఉంది, వెలుగులో పెడితే చదవొచ్చు. పేజీలు సరిచూశాను, పూర్తిగా ఉన్నాయి. చివరి మూడు కాగితాల అంచున పురుగు చిల్లులు, అచ్చుకు తగల్లేదు. యజమాని ముద్ర, పెన్సిల్ రాత ఉన్నాయి. 1910 ప్రతి కాదు.'

అట్టలేని_పుస్తకం
చివరి మాట అదిరింది. అలాగే ఉంచు.

మూలాపేట_మాస్టారు
ముద్రలో తాతగారి ఇంటి చిరునామా ఉంటే ఫొటోలో కనబడకుండా చూసుకో. రేటు నేను చెప్పను, ఇద్దరు ముగ్గురు అడిగాక నీకే తెలుస్తుంది. మొదట అడిగినవాడికే ఇచ్చేయకు, అలాగని ఏడాది పాటు కూర్చోకు.

గిద్దలూరు_గీత
పోస్టు గురించి ఒక మాట. రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో తీసేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, మూడొందల గ్రాముల దాకా ఇరవై, ఐదు కిలోలకి వంద, పన్ను అదనం. పత్రికలకు వర్తించదు, కాబట్టి చందమామలు అందులో పంపలేవు. నా నాలుగూ మాత్రం పోస్టులో వెయ్యొద్దు. వచ్చే ఆదివారం ఒంగోలు పెళ్లికి వస్తున్నా, మా తమ్ముణ్ణి కందుకూరు పంపిస్తా.

కందుకూరు_కుర్రాడు
సరే అక్కా, ఎలుగుబంటి రెడీగా ఉంటుంది.

అప్‌డేట్: గ్రంథాలయం పుస్తకాలు మూడూ ఇచ్చేశాను. ఫైను అడగలేదు, టీ ఇచ్చారు. అట్టలున్న చందమామలు రెండూ నెల్లూరు ఆయనెవరో తీసుకున్నారు. ఐదో పెట్టె తాళం పగలగొట్టాం, శాసనాలు లేవు పెన్నాగట్టు అన్నా. 1970 నాటి వ్యవసాయం పత్రికలు, ఒక చిరుతిళ్ల డబ్బా ఉన్నాయి.

రాధికాసాంత్వనము పోస్టు మాత్రం తీసేశాను. ముగ్గురు అడిగారు, ఒకాయన మంచి రేటే చెప్పాడు. కానీ కిలో లెక్కన ఇచ్చేద్దామన్న నాన్నే దాన్ని నాలుగు రోజులుగా పడక్కుర్చీలో కూర్చుని చదువుతున్నారు. నేను వెళ్లగానే మూసేసి పేపరు కింద పెడుతున్నారు.

మూలాపేట_మాస్టారు
చదవనీ. పూర్తయ్యాక మళ్లీ రేటు మాట్లాడదాం.